గుండెకు లయ ఎక్కడిది?

పొదుగుతున్న పెట్ట క్రింద మూడు నాళ్లు ఉన్న గ్రుడ్డును జాగ్రత్తగా పగులగొట్టి చూస్తే, పచ్చసొనమీద ఎర్రని చుక్క ఒకటి కనిపిస్తుంది. అది ఊరక ఉండదు. ముడుచుకొంటుంది, విప్పారుతుంది, మళ్లీ ముడుచుకొంటుంది. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఆ రక్తబిందువును చూచి, ప్రాణమున్నదానివలె అది కదలుతున్నదని వ్రాశాడు. ఆ చుక్కయే కోడిపిల్ల గుండె. మానవ పిండములోను ఇంతే. ఫలదీకరణము జరిగిన సుమారు 22వ దినమున, తల్లికి తాను గర్భవతినన్న సంగతి ఇంకా రూఢిగా తెలియక ముందే, గుండె కొట్టుకొనడము మొదలవుతుంది. అప్పటికి మెదడు రూపు దిద్దుకొనలేదు. గుండెకు చేరవలసిన నాడులు చేరలేదు. అయితే ఆ మొదటి దెబ్బ కొట్టుమని ఆనతి ఇచ్చినదెవరు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకడములో శాస్త్రజ్ఞులు నూట యాభై సంవత్సరములకు పైగా గడిపారు. మధ్యలో ఒకసారి సమాధానము దొరికినదని అందరూ నమ్మారు. ఆ సమాధానము తలక్రిందులైనది.

శరీరమునుండి వేరుచేసిన గుండె కొంతసేపు కొట్టుకొంటూనే ఉంటుందని క్రీస్తు శకము 2వ శతాబ్దిలోనే గేలెన్ ఎరుగును. 1628లో రక్తప్రసరణమును గురించి తన గ్రంథమును ప్రకటించిన విలియం హార్వీ, ఆగిపోయిన పావురపు గుండెమీద ఉమ్మితో తడిపిన వెచ్చని వ్రేలిని ఉంచగా అది మళ్లీ కదలినదని అందులో చెప్పాడు. కాని 19వ శతాబ్దిలో సూక్ష్మదర్శిని సాయముతో కప్ప గుండెలో నాడీకణముల గుంపులు కనుగొన్న తరువాత, గుండెను నడిపేవి ఆ నాడీకణములే అన్న వాదము బలపడినది. కండరము నౌకరు, నాడి యజమాని అన్నది ఆనాటి శరీరధర్మశాస్త్రమునకు సహజముగా తోచిన భావము. చేయి ఎత్తాలంటే నాడి ఆజ్ఞ కావాలి గదా, గుండెకు మాత్రము ఎందుకు అక్కరలేదు?

1852లో జర్మనీలో స్టానియస్ అనే శాస్త్రజ్ఞుడు కప్ప గుండెకు దారముతో ముడి వేశాడు. గుండెకు రక్తము తెచ్చే సిరాసరణికి, కర్ణికలకు నడుమ ఆ ముడి బిగించగానే కర్ణికలు, జఠరిక ఆగిపోయినవి. సిరాసరణి మాత్రము ఏమీ ఎరుగనట్లు కొట్టుకొంటూనే ఉన్నది. కాబట్టి ఆనతి బయలుదేరే చోటు అదే. కాని ఆ చోట ఆనతి ఇచ్చేది నాడీకణమా, కండరకణమా అన్నది ముడితో తేలలేదు. ఎందుకంటే అక్కడ రెండూ ఉన్నవి.

తేల్చినవాడు కేంబ్రిడ్జిలోని వాల్టర్ గాస్కెల్. 1880 తరువాతి మూడు నాలుగు సంవత్సరములలో అతడు తాబేలు గుండెమీద పనిచేశాడు. తాబేలు గుండె నెమ్మదిగా కొట్టుకొంటుంది, గట్టిది, గంటల తరబడి చావదు. ఓపిక ఉన్న ప్రయోగశీలికి అంతకన్న మంచి గుండె దొరకదు. జఠరికనుండి కోసిన కండరపు పేలిక, నాడీకణముల గుంపుతో సంబంధము లేకపోయినా, కొంత ప్రేరణ పొందిన తరువాత తనంతట తాను లయ తప్పకుండా ముడుచుకొనడము గాస్కెల్ చూపాడు. లయ కండరముదే. గుండెలోని ప్రతిభాగమునకు ఆ శక్తి కొంత ఉన్నది; అందరికన్న వేగముగా కొట్టుకొనే భాగము ముందు నడుస్తుంది, తక్కినవి దానిని అనుసరిస్తాయి. 1893లో లీప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ హిస్ పిండములను పరిశీలించి, నాడులు చేరక మునుపే పిండము గుండె కొట్టుకొంటుందని స్పష్టము చేశాడు. పసిగుండె సాక్ష్యము ఈ వివాదములో చాల విలువైనది. పెద్ద గుండెలో ఎక్కడో ఒక నాడీకణము దాగి ఉన్నదని ఎప్పుడూ అనవచ్చు; పిండములో అట్లా అనడానికి వీలులేదు.

అయినా ప్రకృతి ఏ వాదమునకూ పూర్తిగా లొంగదు. సముద్రతీరములందు దొరికే లిమ్యులస్ అనే ప్రాణి గుండె నాడీకణముల ఆనతితోనే నడుస్తుందని 1904లో కార్ల్సన్ నిరూపించాడు. నాడీవాదులు సంతోషించారు. కొద్ది సంవత్సరములకే లిమ్యులస్ పిండమును చూడగా, దాని గుండె కూడ నాడులు రాకముందే కొట్టుకొనడము కనిపించినది!

ఇక క్షీరదముల గుండెలో సిరాసరణి లేదు. మరి లయ పుట్టే చోటేది? 1906 వేసవిలో ఇంగ్లండులో కెంట్ ప్రాంతమున ఒక పల్లెటూరి ఇంటిలో ఆర్థర్ కీత్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి కలసి జంతువుల గుండెలను కోసి చూస్తున్నారు. ఒకనాడు కీత్ తన భార్యతో సైకిలుమీద షికారు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఫ్లాక్ ఆత్రముతో సూక్ష్మదర్శిని దగ్గరకు పిలిచాడు. నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రతికే 'మోల్' అనే చిన్న జంతువు గుండె అది. కుడి కర్ణికలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట, చుట్టుప్రక్కల కండరమునకు భిన్నమైన సన్నని కణముల ముద్ద ఒకటి కనిపించినది. అంతకు కొద్ది నెలల ముందే మార్బుర్గులో జపాను శాస్త్రజ్ఞుడు తవారా కర్ణికా జఠరికల నడుమ ఇటువంటి కణుపును వర్ణించి ఉన్నాడు. 1907లో కీత్, ఫ్లాక్ తమ పరిశోధనను ప్రకటించారు. అదే నేడు పాఠ్యపుస్తకములలో కనిపించే సిరాకర్ణికా కణుపు. గుండెలోని విద్యుత్ తరంగము మొదట అక్కడే పుడుతుందని 1910లో థామస్ లూయిస్ గాల్వనోమీటరుతో కొలిచి చూపాడు. లయారంభకము దొరికినది.

చోటు దొరికినంత మాత్రమున కారణము దొరికినట్లు కాదు. ఆ కణములో ఏమి జరుగుతున్నదో చూడాలంటే కణము లోపలికి విద్యుత్ తీగ వంటిదొకటి పంపాలి. 1949 ప్రాంతమున గాజుగొట్టమును కాచి సాగదీసి, ఒక మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్న సన్నని మొన తీయడము సాధ్యమయింది. స్విట్జర్లండు వాడైన సిల్వియో వైడ్‌మన్ ఆ మొనను గుండెకణములోనికి గ్రుచ్చాడు. 1951లో అతడు డ్రేపర్‌తో కలసి కుక్కగుండెలోని పుర్కింజి తంతువులనుండి తీసిన రేఖలను ప్రకటించాడు. విశ్రాంతిలో కణము లోపలి భాగము బయటికన్న సుమారు 90 మిల్లీవోల్టులు ఋణముగా ఉంటుంది. మామూలు కండరకణములో ఈ పీడనము, అంటే విద్యుత్ పొటెన్షియల్, మరొకరు వచ్చి కదలించేవరకు నిలకడగా ఉంటుంది. లయబద్ధముగా కొట్టుకొనే తంతువులో మాత్రము నిలకడగా ఉండదు. ఒక దెబ్బ పూర్తికాగానే అది మెల్లమెల్లగా పైకి ప్రాకుతుంది. ఒక హద్దు చేరగానే భగ్గుమని తరువాతి దెబ్బ పుడుతుంది. మళ్లీ క్రిందికి, మళ్లీ ప్రాకడము. గుండె లయ అంతా ఆ నెమ్మదైన ప్రాకుడులో ఉన్నది.

ఎందుకు ప్రాకుతుంది? చెరువు గట్టుమీద నిలబడి నీటిమట్టము పెరగడము చూస్తున్న రైతును తలచుకొంటే విషయము తెలుస్తుంది. మట్టము పెరగడానికి రెండు కారణములు ఉండవచ్చు. బయటికి పోయే తూమును ఎవరో మూస్తూ ఉండవచ్చు. లేదా లోపలికి వచ్చే కాలువను ఎవరో తెరుస్తూ ఉండవచ్చు. గట్టుమీదనుండి చూస్తే రెండూ ఒక్కటే. కణములో బయటికి పోయే ధనవిద్యుత్తు ముఖ్యముగా పొటాషియం అయానులది. లోపలికి వచ్చేది ముఖ్యముగా సోడియం అయానులది. పొటాషియం తూము మూసుకొంటున్నదా, సోడియం కాలువ తెరచుకొంటున్నదా?

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఒట్టో హట్టర్ వద్ద పరిశోధన చేస్తున్న డెనిస్ నోబుల్ మొదటి సమాధానము వైపు మొగ్గాడు. అప్పటికి అతనికి ఇరువది నాలుగేండ్లు నిండలేదు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ పండితులు నాడీతంతువుకు వ్రాసిన గణితసమీకరణములను అతడు గుండెకు తగినట్లు మార్చుకొన్నాడు. వాటిని సాధించడానికి లండన్ విశ్వవిద్యాలయములోని 'మెర్క్యురీ' గణనయంత్రము కావాలి. ఆ యంత్రమును చూచే గణితజ్ఞులు, లయ కావాలంటే నీ సమీకరణములలో ఊగిసలాడే పదము ఎక్కడ ఉన్నదని అడిగారట. అటువంటి పదమేదీ లేదు; ప్రవాహములు ఒకదానినొకటి ప్రభావితము చేయడమువలననే ఊగిసలాట పుట్టాలి. చివరకు యంత్రము అతనికి తెల్లవారుజామున రెండునుండి నాలుగు గంటలవరకు ఇచ్చారు. ఆ సమయము వేరెవరికీ అక్కరలేదు. లెక్క ముగియగానే కబేళాకు పోయి ఆ దినపు ప్రయోగములకు గొర్రెగుండెలు తెచ్చుకొనేవాడు. 1960 నవంబరులో 'నేచర్' పత్రికలో ఫలితము వెలువడినది. ఊగిసలాడే పదము లేని సమీకరణములనుండి గుండె లయ పుట్టినది. అందులో మట్టము పెరగడానికి కారణము పొటాషియం తూము మెల్లగా మూసుకొనడము.

1968లో నోబుల్, ఆక్స్‌ఫర్డులో అతనితో పనిచేసిన రిచర్డ్ త్సియెన్, పుర్కింజి తంతువులో ఆ ప్రవాహమును నేరుగా కొలిచి దానికి 'కే-2' అని పేరు పెట్టారు. వారి సాక్ష్యము బలమైనది. ఒక్క పొటాషియం మాత్రమే పారే ద్వారమైతే, ఒకానొక పొటెన్షియల్ వద్ద లోపలికి పోయే తోపు, బయటికి వచ్చే తోపు సమానమై ప్రవాహము ఆగాలి. అది దాటితే దిశ మారాలి. సరిగా అక్కడనే దిశ మారినట్లు కనిపించినది. బయటి ద్రవములో పొటాషియం మోతాదు మార్చితే ఆ స్థానము కూడ సిద్ధాంతము చెప్పినట్లే జరిగినది. ఇంతకన్న ఎవరికి ఏమి కావాలి? పదేళ్లకు పైగా 'కే-2' పాఠముగా నిలిచినది.

చిక్కు అసలైన లయారంభకమునుండి వచ్చినది. 1979లో హిలరీ బ్రౌన్, ఇటలీ దేశస్థుడు డారియో డిఫ్రాన్చెస్కో, సుసాన్ నోబుల్ ఆక్స్‌ఫర్డులో కుందేలు గుండెలోని సిరాకర్ణికా కణుపు ముక్కలను పరిశీలిస్తూ, అడ్రినలిన్ గుండె వేగమును ఎట్లా పెంచుతుందో వెదకుతున్నారు. కణము లోపలి భాగము మరింత ఋణమైనప్పుడు మెల్లగా తెరచుకొని, విద్యుత్తును లోపలికి పంపే ప్రవాహము ఒకటి కనిపించినది. ఇది వింత. అంతవరకు ఎరిగిన లోపలి ప్రవాహములన్నీ కణము ఋణత్వము తగ్గినప్పుడు తెరచుకొనేవి, ఇది ఎదురు. అందులో సోడియం, పొటాషియం రెండూ పారుతున్నవి. అందుకే దానికి 'ఫన్నీ కరెంట్', అంటే వింత విద్యుత్తు, అని ముద్దుపేరు పెట్టారు. జపానులో యానగిహార, ఇరిసావా 1980లో ఇదే ప్రవాహమును వర్ణించారు.

ఇక్కడ ఒక ఇబ్బంది. పుర్కింజి తంతువులోని 'కే-2', కణుపులోని వింత విద్యుత్తు నడకలో కవలపిల్లలవలె ఉన్నవి. రెండూ నెమ్మదియైనవి, రెండింటినీ అడ్రినలిన్ ఒకే తీరుగా కదలిస్తుంది. కాని ఒకటి మూసుకొనే తూము, మరొకటి తెరచుకొనే కాలువ! ఒకే గుండె ఒకే పనికి రెండు విరుద్ధమైన యంత్రములను ఎందుకు పెట్టుకొంటుంది?

డిఫ్రాన్చెస్కో ఆ అనుమానమును వదలలేదు. 1981లో అతడు దూడగుండెలోని పుర్కింజి తంతువులను బేరియం కలిపిన ద్రవములో ఉంచి 'కే-2' ప్రయోగమును తిరిగి చేశాడు. బేరియం అయానులు మరొక మామూలు పొటాషియం ప్రవాహమును అడ్డగిస్తాయి. అది అడ్డు పడగానే పాత సాక్ష్యమంతటికి ఆధారమైన దిశ మార్పు మాయమైనది. మిగిలినది లోపలికి పోయే ప్రవాహము మాత్రమే. 'కే-2' అన్నది వేరుగా లేదు. అది వింత విద్యుత్తే.

మరి ఆ దిశ మార్పు ఎక్కడనుండి వచ్చినది? పుర్కింజి తంతువులోని కణములు ఒకదానికొకటి ఒత్తుకొని ఉంటాయి. వాటి మధ్య సందులు మిక్కిలి ఇరుకు. కణమును చాల ఋణముగా పట్టి ఉంచినప్పుడు పొటాషియం ఆ సందులనుండి కణములోనికి పోతుంది. సందులో పొటాషియం తరుగుతుంది. కాబట్టి ఆ పొటాషియం ప్రవాహము కాలక్రమమున క్షీణిస్తుంది. ఒకప్రక్క వింత విద్యుత్తు పెరుగుతున్నది, మరొకప్రక్క ఇది తరుగుతున్నది. ఒకచోట రెండూ సరిపోయి ఏ మార్పూ లేనట్లు కనిపిస్తుంది. ఆ తరువాత తరుగుదలదే పైచేయి అవుతుంది. బయటి పొటాషియం మార్చితే ఈ తరుగుదల కూడ మారుతుంది కాబట్టి ఆ స్థానమూ జరుగుతుంది. కొలతలన్నీ నిజమే. వాటి అర్థమే తలక్రిందు. పదమూడేళ్లు పండితలోకము గట్టుమీదనుండి తూమును చూస్తున్నామనుకొని కాలువను చూచినది.

ఇటువంటి సమయములలో మర్యాద పోగొట్టుకొన్న పండితులు శాస్త్రచరిత్రలో తక్కువేమీ కాదు. నోబుల్ ఆ జాబితాలో చేరలేదు. తనకు పేరు తెచ్చిన వివరణ తప్పని ఒప్పుకొని, 1985లో డిఫ్రాన్చెస్కోతోనే కలసి క్రొత్త సమీకరణములు ప్రకటించాడు. సందులలో పొటాషియం హెచ్చుతగ్గులు కూడ ఆ సమీకరణములలో చేరినవి. క్రొత్త సిద్ధాంతము పాత కొలతలను పారవేయలేదు. అవి ఎందుకు అట్లా కనిపించినవో లెక్కకట్టి చూపినది.

అడ్రినలిన్ సంగతి 1991లో తేలినది. అడ్రినలిన్ తగలగానే కణములో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థము పెరుగుతుంది. అది నేరుగా ఆ ద్వారమునకు అంటుకొని దానిని సులువుగా తెరుస్తుందని డిఫ్రాన్చెస్కో, టోర్టోరా చూపారు. ఆ పదార్థము తయారయ్యేది ఏటీపీ నుండి. ఆ ఏటీపీని 1929లో కండరమునుండి వేరుచేసినవారిలో హార్వర్డులో ఫిస్కేతో కలసి పనిచేసిన మన భీమవరపు ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. పరీక్షకు పోయే విద్యార్థి గుండె దడదడ కొట్టుకొనడములో ఆయన అణువునకు కూడ పాత్ర ఉన్నది.

పసిగుండె మళ్లీ రంగములోనికి వచ్చినది. పెద్దవారి గుండె విశ్రాంతిలో నిమిషమునకు 60 నుండి 100 సార్లు కొట్టుకొంటే అప్పుడే పుట్టిన బిడ్డ గుండె సుమారు 120 నుండి 160 సార్లు కొట్టుకొంటుంది. 1960లో హరారీ, ఫార్లీ పసి ఎలుకల గుండెలను విడి విడి కణములుగా చేసి గాజుపాత్రలో పెంచారు. ఒంటరి కణము తనకు తోచిన వేగముతో కొట్టుకొంటుంది. రెండు కణములు తాకితే ఒక లయకు వస్తాయి. పుట్టిన ఎలుకల జఠరికకణములలో వింత విద్యుత్తు సుమారు 70 మిల్లీవోల్టుల ఋణత్వమువద్దనే మొదలవుతుందని, పెరిగిన ఎలుకలో 110 వరకు పోతే గాని మొదలు కాదని 1997లో రాబిన్సన్, అతని తోడివారు కొలిచారు. పెద్ద కణము విశ్రాంతిలో అంత ఋణముగా ఎన్నడూ ఉండదు. అంటే ద్వారము పోలేదు, దానికి తాళము పడినది. పసికణము లయారంభకముగా ఉండగలదు. పెరిగిన కణము పనివాడుగా స్థిరపడుతుంది. కుందేలు పిల్లల కణుపులో అయితే పెద్ద కుందేళ్లలో అంతగా కనిపించని సోడియం ప్రవాహము కూడ లయకు సాయపడుతుందని 1996లో తేలినది.

మానవ కణములు ప్రయోగశాలకు చేరేది శస్త్రచికిత్స గదినుండి. పుట్టుకతో గుండెలో లోపమున్న బిడ్డలకు గాని, పెద్దలకు గాని గుండె శస్త్రచికిత్స చేసేటప్పుడు, రక్తమును యంత్రముద్వారా మళ్లించడానికి కుడి కర్ణికలో గొట్టము పెడతారు. అప్పుడు కోసి తీసిన చిన్న ముక్కను, పారవేయడానికి బదులుగా, ఎంజైముతో కరగించి విడి కణములు చేస్తారు. 1990 తరువాతి దశాబ్దిలో మానవ కర్ణికాకణములలోను వింత విద్యుత్తును కొలిచారు. 1997లో చెర్బాయి, ఆమె సహచరులు జబ్బుచేసిన మానవ జఠరికకణములలో కూడ దానిని చూచారు; క్షీణించిన గుండె తన పసినాటి అలవాటును కొంత తిరిగి తెచ్చుకొంటున్నట్లున్నది. ఆ అలవాటు అప్పుడు మేలు చేయదు. వేళతప్పిన దెబ్బలకు దారి తీయవచ్చు. అసలైన మానవ సిరాకర్ణికా కణుపు కణములలో ఈ ప్రవాహమును కొలవడానికి 2007 వరకు ఆగవలసి వచ్చినది. ఆరోగ్యముగా ఉన్న కణుపును ఎవరు కోసి ఇస్తారు?

1998లో ఆ ద్వారములను తయారుచేసే జన్యువులు దొరికినవి. నాలుగింటిలో కణుపునకు ముఖ్యమైనది 'హెచ్‌సీఎన్-4'. 2003లో ఆ జన్యువును తొలగించిన చుంచుపిండములను జర్మనీలో పరిశీలించారు. వాటి గుండెలు ఆగలేదు. కాని చాల నెమ్మదిగా కొట్టుకొన్నవి, సైక్లిక్ ఏఎంపీ పెంచినా వేగము పుంజుకొనలేదు. పదకొండవ దినము దాటి ఏదీ బ్రతకలేదు. 2006లో ఒక ఇటలీ కుటుంబములో అదే జన్యువులోని ఒక్క అక్షరమంత మార్పు పుట్టుకనుండి నెమ్మదిగా కొట్టుకొనే గుండెలకు కారణమని డిఫ్రాన్చెస్కో బృందము కనుగొన్నది. అయినా లయ భారమంతా ఈ ఒక్క ద్వారముమీదనే పెట్టడము తొందరపాటే. కణములోని కాల్షియం నిల్వలనుండి క్రమబద్ధముగా కారే కాల్షియం కూడ గడియారమువలె పనిచేస్తుందని అమెరికాలో లకాట్టా, మాల్ట్‌సెవ్ వాదించారు. పెరిగిన చుంచులలో 'హెచ్‌సీఎన్-4' తీసివేస్తే ఒక ప్రయోగశాలలో గుండె అప్పుడప్పుడు తడబడినది మాత్రమే. మరొక ప్రయోగశాలలో తీవ్రముగా మందగించినది. చుంచుపిండముల గుండె కొట్టుకొంటూనే ఉన్నదన్న విషయము మరచిపోరాదు.

ఈలోగా ఆ ద్వారమును మాత్రమే మూసే మందు ఒకటి వచ్చినది. దాని పేరు ఐవాబ్రడీన్. 2005లో ఐరోపాలో అనుమతి పొందినది. గుండె బలమును తగ్గించకుండా వేగమును మాత్రము తగ్గించడము దాని గుణము. దానిని వాడిన కొందరికి వెలుతురు మారినప్పుడు కన్నులముందు మెరుపులు కనిపిస్తాయి. ఇటువంటి ద్వారములే కంటిలోని నేత్రపటలములోను ఉన్నవి. 2019లో అమెరికా ఔషధశాఖ, గుండె కండరము సాగి బలహీనపడి వేగముగా కొట్టుకొనే బిడ్డలకు దానిని అనుమతించినది. ఆరు నెలల పసివారినుండి, బరువును బట్టి మోతాదు కట్టి, ద్రవరూపములో ఇస్తారు.